ఏడు నీళ్ల పరిగెలు

కోటిలింగం గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు ప్రశ్న వినేవారు, తర్వాత అడిగినవాడి చేతుల వంక చూసేవారు. చూసి, ఆ చేతులకు అలవాటు లేని పని ఒకటి పురమాయించేవారు. జవాబు ఆ పనిలో దొరికితే సరే, దొరక్కపోతే కనీసం పనైనా అయినట్టు. ఒకసారి రాజమండ్రి నుంచి ఒక ప్లీడరు గారు వచ్చి ఆత్మ ఒకటా, అనేకమా అని అడిగితే, ఆయన చేత మిట్టమధ్యాహ్నం దాకా పడవ పలకల సందుల్లో కొబ్బరి పీచు కూరించారు. ప్లీడరు గారు కందిపోయిన అరచేతులు ఊదుకుంటూ వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. ఆ పడవ మాత్రం మూడేళ్లపాటు చుక్క నీరు పట్టలేదని రెల్లులంకలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

రెల్లులంక గోదావరి పాయలో ఇసుక మేట మీద నిలిచిన చిన్న ఊరు. కోటిలింగం గారు అక్కడ పడవలు కట్టే వడ్రంగి. కాషాయం కట్టలేదు, గడ్డం పెంచలేదు. పగలంతా బాడిస పట్టేవారు, పొద్దు వాలితే తంబుర పట్టుకుని తత్వాలు పాడేవారు. భార్య పోయి చాలా ఏళ్లయింది కనక వంట ఆయనే చేసుకునేవారు. చేప దొరికిన పూట చేప తినేవారు. గురువన్నవాడు నీసు ముట్టడమేమిటని ఒకరిద్దరు శిష్యులు రావడం మానేశారు. ఆ సంగతి ఎవరైనా చాడీలాగా చెవిన వేస్తే, "పాపం, వాళ్లకి ముల్లు తీసుకోవడం రాదేమో" అని ఊరుకునేవారు.

ఆయన దగ్గరికి ప్రతి ఆదివారం ఏరు దాటి వచ్చేవాళ్లలో త్రినాథం ఒకడు. అవతలి ఒడ్డున హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. నలభై అయిదేళ్లవాడు, మనిషి మెత్తన, పని శుభ్రం. నల్లబల్ల మీద సుద్దముక్కతో చేతిని ఒక్క తిప్పు తిప్పితే గుండ్రటి సున్నా పడేది. గీత వంకర పోతే సహించలేడు, మొత్తం చెరిపేసి మళ్లీ గీస్తాడు. ఇంట్లో కూడా అంతే. కంచంలో కూర అన్నానికి తగిలితే అతనికి ఆ ముద్ద సహించదని భార్య విసుక్కునేది. ఇలాంటి స్వభావం బొమ్మలు వేయడానికి పనికొస్తుంది. మనుషులతో మసలేటప్పుడు ఎంతవరకు పనికొస్తుందన్నదే అతనికి వచ్చిపడిన కష్టం.

కిందటి శ్రావణంలో ఎర్రనీళ్లు తోసుకొచ్చిన ఒకనాడు, రేవుకి ఇంకా నలభై బారల దూరముండగా పడవ ఒరిగిపోయింది. తొమ్మిది మంది నీళ్లలో పడ్డారు. ఎనిమిది మందికి ఈత వచ్చు. త్రినాథానికి రాదు. అతను రెండుసార్లు పైకి తేలాడు, మూడోసారి తేలలేదు. ముక్కులోకి, గొంతులోకి, చెవుల్లోకి బురద వాసన వేసే చల్లటి నీళ్లు దూరడం మాత్రం తెలిసింది. మళ్లీ కళ్లు తెరిచేసరికి ఇసుక మీద బోర్లా పడి ఉన్నాడు. వాన కురుస్తోంది. ఎదురుగా గొంతుక్కూర్చుని పెద్దిరాజు రొప్పుతున్నాడు. పెద్దిరాజు ఆ లంకలోనే వల వేసుకుని బతికేవాడు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్నవాడు అది అక్కడే పడేసి ఏట్లోకి దూకాడట.

మనిషి బతికి బయటపడ్డాక మొదట సంతోషం వస్తుంది, ఆ తర్వాతే ఆలోచనలు వస్తాయి. త్రినాథానికి ఆలోచనలు కాస్త ఎక్కువగానే వచ్చాయి. వారం తిరక్కుండా పెద్దిరాజుకి పంచెల చాపు, అతని భార్య నూకరత్నానికి చీర పట్టుకెళ్లాడు. వాళ్లు తీసుకున్నారు. దసరాకి సన్నబియ్యం బస్తా పడవకెక్కించాడు. పెద్దిరాజు నసుగుతూ దింపించుకున్నాడు. దీపావళికి, నెల రోజులు నిద్ర కాచి వేసిన తైలవర్ణ చిత్రం తెచ్చాడు. పొంగిన గోదావరిలో మొలలోతున నిలబడి, మునుగుతున్న మనిషి చేయి అందుకుంటున్న పెద్దిరాజు. అతని తల వెనక మెరుపో వెలుగో తెలియకుండా పసుపురంగు పూత. దానికి అద్దం కట్టించి, గులాబీల దండ వేసి మరీ ఇచ్చాడు. అంతకుముందు 'పెద్దిరాజూ' అని పిలిచేవాడు, ఆ ప్రమాదం తర్వాత 'పెద్దిరాజు గారూ' అనసాగాడు, 'మీరు' అనసాగాడు.

ఆ పటం ఇచ్చిన రోజు నుంచి పెద్దిరాజు అతనికి కనబడటం మానేశాడు. రేవులో త్రినాథం తెల్లచొక్కా కనిపించడం ఆలస్యం, నావ మూతి అటు తిప్పేసేవాడు. సంక్రాంతి వెళ్లిన వారానికి త్రినాథం వెండి మొలతాడు పొట్లం కట్టుకుని వాళ్ల గుమ్మం ముందు నిలబడితే, దడి వెనకనుంచి గొంతు స్పష్టంగా వినిపించింది. "లేనని చెప్పవే. చేపలు పట్టడానికెళ్లాడను. చచ్చిపోయాడను."

త్రినాథం ఆ పొట్లం జేబులోనే పెట్టుకుని తిరిగొచ్చేశాడు.

మాఘమాసం వచ్చింది. ఏట్లో నీళ్లు తేటపడ్డాయి. ఒక ఆదివారం పొద్దున్నే, ఇంకెవరూ రాకముందే, అతను కోటిలింగం గారి ఇంటికి చేరాడు. ఆయన చూరు కింద కూర్చుని చుక్కాని కోసం పలక చిత్రిక పడుతున్నారు. త్రినాథం దణ్ణం పెట్టి, చాలాసేపు పేళ్ల వంక చూస్తూ కూర్చుని, చివరికి అడిగాడు.

"గురువుగారూ, ప్రాణం పోసినవాడి రుణం ఎలా తీర్చుకోవాలి? పొద్దున లేచి ఊపిరి తీసుకుంటే అది నాది కాదు, ఆయనది అనిపిస్తోంది. ఏదో ఒకటి ఇచ్చేస్తే గాని ఈ బరువు దిగదు. ఇవ్వబోతే ఆయన నా మొహం చూడటం లేదు. నేనేం తప్పు చేశాను?"

కోటిలింగం గారు చిత్రిక ఆపి అతని చేతుల వంక చూశారు. గోళ్ల సందుల్లో నీలిరంగు ఉంది.

"పెద్దిరాజు కింద రేవులో వల దులుపుతున్నాడు. వెళ్లి పూటకి సరిపడా పరిగెలు అడిగి పట్రా."

"ఏం పట్టుకెళ్లమంటారు?"

"చేతులు."

"ఊరికే అడగమంటారా? ప్రాణం ఇచ్చిన మనిషిని పట్టుకుని, మళ్లీ కూరకి చేపలు కూడా పెట్టమని!"

"ఊరికే అడగడం రాదా నీకు?" అన్నారు కోటిలింగం గారు, అదేదో పలుపు ముడి వేయడం రాదా అని అడిగినంత మామూలుగా. మళ్లీ పలక మీదికి వంగారు.

అడగడం కన్నా కష్టమైనది ఇంకొకటుంది, అది గురువుగారికి తెలియదనుకున్నాడు త్రినాథం. శ్రావణం నుంచి అతను ఏటి చేప ముట్టలేదు. ఇంట్లో మొక్కు అని చెప్పాడు. నిజానికి చేపల గిన్నె మూత తీయగానే ఆవిరితో పాటు ఆ రోజు మింగిన నీళ్ల వాసన కొడుతుంది, గొంతు మూసుకుపోతుంది. అందులోనూ పరిగె. పరిగె అంటే అరచేతిలో ఇమిడే చేప, నిలువెల్లా ఏటి వాసన. సంతలో దానికి పెద్ద మర్యాద లేదు. పులస వస్తే ఊరంతా చెప్పుకుంటారు, కొరమీను దొరికితే చుట్టాలకి కబురు పెడతారు. పరిగె దొరికితే మాట్లాడకుండా పెనం పెడతారు. అసలైన రుచి తెలిసినవాళ్లు ఆ మూడోరకం వాళ్లేనని లంకల్లో ఒక వాదన ఉంది. ఆ వాదన తేలేది కాదు గనక మనం రేవుకే వెళదాం.

పెద్దిరాజు మోకాలి లోతు నీళ్లలో నిలబడి వలలో చిక్కుకున్న నాచు ఏరుతున్నాడు. తెల్లచొక్కా చూసి నావ వైపు రెండడుగులు వేశాడు గాని, వల సగం నీళ్లలో, సగం భుజం మీద ఉంది. పారిపోవడానికి కుదరలేదు.

"మళ్లీ ఏం తెచ్చేరండి మాస్టారూ?" అన్నాడు, వల వంకే చూస్తూ.

"ఏమీ తేలేదండి."

"ఆ జేబు ఎత్తుగా ఉంది మరి?"

"అది కళ్లజోడు పెట్టె." త్రినాథం నీళ్లకి మూడు గజాల ఎడంగా ఇసుక మీదే ఆగిపోయాడు. గొంతు సవరించుకున్నాడు. "నేను... అడగడానికొచ్చాను. పూటకి పరిగెలు కావాలి. పెట్టండి."

పెద్దిరాజు తలెత్తాడు. ఆరు నెలల్లో అతని మొహం తిన్నగా చూడటం త్రినాథానికి అదే మొదలు.

"పరిగెలా?"

"ఆఁ. ఊరికేనే."

"ఊరికే కాకపోతే పరిగెలకి పట్టుపంచెలు పెడతారేటండి!" పెద్దిరాజు వల అక్కడే గెడకి తగిలించి, నావలోంచి తాటాకు బుట్ట లాగాడు. అందులో పరిగెలు ఇంకా ఎగురుతున్నాయి. ఒక్కొక్కటే ఎత్తి చూసి, సన్నవి ఏట్లోకి విసిరేస్తూ, బొద్దువి కలవాకు మీద పెట్టసాగాడు. ఆ చేతి వేగం చూస్తుంటే త్రినాథానికి కడుపు నిండిపోయింది. నోట్లోంచి అలవాటుగా మాట జారింది. "దీనికి నేను మీకు..."

పెద్దిరాజు చేయి బుట్ట మీదే ఆగిపోయింది. వేళ్లకంటిన పొలుసు పంచెకి తుడుచుకున్నాడు, అంతే. ఇంకొక్క మాట జారితే ఆ మొహం మళ్లీ దడి వెనక్కి పోతుందని, ఈసారి ఇక రాదని త్రినాథానికి తెలిసిపోయింది. మిగతా మాట మింగేశాడు. మింగుడు పడటానికి కాస్త సేపు పట్టింది.

"దీనికి నాకు తోమడం రాదు" అన్నాడు.

పెద్దిరాజు ఒక్క క్షణం చూసి, పకాలున నవ్వాడు. "అదీ! అలా చెప్పండి. మా ఆడమనిషిని పంపుతాను. నోరు కొంచెం గట్టిది, ఓర్చుకోండి."

నోరు గట్టిదన్న మాట అబద్ధం కాదు. నూకరత్నం కొంగు బిగించి గురువుగారి పెరట్లోకి అడుగు పెడుతూనే, "బొమ్మలేసే చేతులు ఇయ్యేనా? చూపించండోపాలి" అని త్రినాథం చేతులు తిరగేసి చూసింది. "ఎంత మెత్తగా ఉన్నాయండీ గురువుగారూ! వీటికంటే మీ పరిగెలే గట్టిగా ఉన్నాయి."

"అందుకే అతన్నే చెయ్యనియ్యి అమ్మాయ్" అన్నారు కోటిలింగం గారు చూరు కిందనుంచి.

బావి పక్క బండ మీద నూకరత్నం గుప్పెడు పొయ్యి బూడిద చల్లింది. తోక పట్టుకుని చేపను ఎలా రుద్దాలో ఒకదానితో చూపించింది. బూడిద జారకుండా పట్టు ఇస్తుంది, పొలుసు చిన్న చిన్న అద్దాల్లా రాలిపడుతుంది. త్రినాథం మొదటి చేపని, దాని మీద పెన్సిలు గీతలేవో పడ్డట్టు, పొలుసు పొలుసుకీ రుద్దాడు. ఆ తర్వాత కడుపు శుభ్రం చేయాలి. చేప కడుపులో పెసరగింజంత చేదు తిత్తి ఉంటుంది. అది చితక్కుండా మిగతా వాటితో పాటు బయటికి రావాలి. నూకరత్నం కత్తిపీట మీద చిన్న గాటు పెట్టి, బొటనవేలితో కొంచెం నొక్కితే అంతా ఒక్క ముద్దగా జారిపోయింది. త్రినాథం లోపల రవ్వంత కూడా మిగలకూడదని వేలు లోతుగా పెట్టి గోకాడు. పచ్చటి రసం చివ్వున వేళ్ల మీదికి చిమ్మింది.

"చితక్కొట్టేశారూ!" నూకరత్నం చేప లాక్కుని ఉప్పు, చింతపండు పెట్టి పులమడం మొదలెట్టింది. "శుభ్రం చెయ్యమంటే చేదు పట్టించారు. ఇది పూర్తిగా పోదు. ఎవరి కంచంలో పడితే వాళ్లది అదృష్టం."

మిగతావి జాగ్రత్తగా చేశాడు. అన్నీ వెడల్పాటి చట్టిలో వేసి ఉప్పు, పసుపు వేసి కడిగాడు. మొదటి నీళ్లు బూడిదగా పోయాయి, రెండో నీళ్లు ఎర్రగా, మూడో నీళ్లు తేటగా. నూకరత్నం చాలంది. అతను వినలేదు. నాలుగోసారి తోడాడు, అయిదోసారి తోడాడు. ప్రతిసారీ చట్టి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు, మళ్లీ బావిలో చేద వేస్తాడు. ఆరు అయింది. ఏడోసారి కడుగుతుంటే చేపల చర్మం పాలిపోయి అంచులు విడుతున్నాయి. నూకరత్నం వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"ఏం కడుగుతున్నారండి మాస్టారూ?"

"వాసన పోవడం లేదమ్మా."

"ఏటి చేపకి ఏటి వాసన పోతే ఇంకేం మిగుల్తదండి? నీళ్లు మిగుల్తాయి."

త్రినాథం చట్టి కింద పెట్టాడు. తడి చేతులు మోకాళ్ల మీద ఆనించుకుని మెల్లగా చెప్పాడు, ఇన్నాళ్లూ ఇంట్లో కూడా చెప్పని మాట. "ఆ రోజు మింగిన నీళ్ల వాసన ఇది."

నూకరత్నం బండ మీద కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత మొదలెట్టింది, ఆరు నెలల మాట.

"మీకు వాసన కొడతంది. మా ఆయనకి ఏం కొడతందో ఎప్పుడైనా అడిగేరా? చీర పెట్టేరు, బాగుంది, కట్టుకున్నాను. బియ్యం బస్తా దింపిన రోజున ఆయన అన్నం ముట్టలేదండి. 'ఆ మనిషిని లాగింది బియ్యం కోసమా?' అన్నాడు. నేనేం చెప్పను? ఆ పటం తెచ్చేరు. బతికున్నోడి పటానికి దండేసుకుని తెచ్చేరు! నేను లేని పూట చూసి మా అత్త గోడకి తగిలించింది. పక్క లంక నుంచి మా ఆడబిడ్డ వచ్చి, గుమ్మంలోంచి దండ చూసి, గుండెలు బాదుకుని ఏడుపు. నలుగురు పోగయ్యారు. ఆయన వల భుజానేసుకుని వెనకనుంచి వచ్చి 'ఎవరే పోయింది?' అంటాడు."

త్రినాథం సన్మానాల్లో దండ వేయడమే చూశాడు గాని, బతికున్న మనిషి పటానికి ఎవరూ వేయరన్నది అతనికి ఆ నెల రోజుల్లో ఒక్కసారి కూడా తట్టలేదు.

"అక్కడితో అయిందా? రేవులో అందరూ ఆయన్ని 'దేవుడుగారూ' అని ఎకసెక్కం. ఎకసెక్కమైనా పర్లేదండి, మీ ధర్మమా అని కొందరు నిజంగానే అంటన్నారు. ఇదివరకు రోజుకి పదిమంది బీడీ అడిగేవోళ్లు. ఇప్పుడు ఒక్కడు అడగడు. దేవుణ్ణి బీడీ ఎవడడుగుతాడు? ఇందాక ఇంటికొచ్చి ఏం చెప్పేడో తెలుసా? 'ఏయ్, మాస్టారు పరిగెలు అడిగేడే' అన్నాడు. ఆ మొహం మా పెళ్లినాడు కూడా నేను చూడలేదు."

చూరు కింద చిత్రిక చప్పుడు ఎప్పుడాగిందో ఎవరూ గమనించలేదు. కోటిలింగం గారు లేచి వచ్చి, చట్టిలోకి తొంగిచూసి, ఏడో నీళ్లు ఒంపేశారు. "ఇక పొయ్యి వెలిగించు" అన్నారు త్రినాథంతో.

వంట సంగతి సవిస్తరంగా చెప్పనక్కర్లేదు. చెప్పకుండా ఉండటమూ కష్టమే. సగం పరిగెలకి ఉప్పు, కారం, పసుపు, వెల్లుల్లి నూరి పట్టించి పెనం కోసం పక్కన పెట్టారు. మిగతావి పులుసు. మట్టి దాకలో నువ్వుల నూనె కాగాక నాలుగు మెంతులు, నూరిన ఉల్లిపాయ, చీల్చిన పచ్చిమిరపకాయలు, పచ్చివాసన పోయేదాకా వేగాక చిక్కటి చింతపండు పులుసు. అది తెర్లినప్పుడు పరిగెలు ఒక్కొక్కటే జారవిడవాలి. త్రినాథం జారవిడిచాడు. ఉడుకుతుంటే కింద అంటుకుంటాయేమోనని గరిటె అందుకున్నాడు.

"గరిటె పెట్టకు!" అన్నారు కోటిలింగం గారు.

"గరిటె పెట్టకండి!" అంది నూకరత్నం. రెండు గొంతులూ ఒకేసారి.

చేపల పులుసుని కలపరు. గరిటె తగిలితే చేప విరిగిపోతుంది. దాకని రెండు వైపులా గుడ్డతో పట్టుకుని గుండ్రంగా ఒక్క తిప్పు తిప్పుతారు, పులుసే చేపల చుట్టూ తిరిగి తన పని తాను చేసుకుంటుంది. గోదావరి జిల్లాల్లో మొదటిసారి పులుసు పెట్టిన ప్రతివాళ్లూ ఈ కేక వినే ఉంటారు. త్రినాథం గరిటె వదిలి గుడ్డ తీసుకున్నాడు. నల్లబల్ల మీద సున్నా చుట్టే చేతికి ఆ తిప్పడం తేలిగ్గానే పట్టుబడింది. పులుసు ఒక్క చుట్టు తిరిగి ఆవిరి మొహాన కొట్టింది. ఏటి వాసన అందులో ఉంది. చింతపండు, మెంతులు, పొయ్యి పొగ కూడా ఉన్నాయి. గొంతు మూసుకోబోయి ఆగింది. కళ్లు చెమర్చాయి, పొగ వల్లనే అనుకున్నాడు.

పెనం మీద పరిగెలు చిటపటలాడుతుండగా పెద్దిరాజు దడి దగ్గర కనిపించాడు. స్నానం చేసి తల దువ్వుకుని వచ్చాడు. లోపలికి రాకుండా చెవి మీది బీడీ తీసి, "అగ్గిపెట్టి ఉందా మాస్టారూ?" అన్నాడు.

త్రినాథానికి బీడీ అలవాటు లేదు, అగ్గిపెట్టె లేదు. పొయ్యిలోంచి కొరివి తీసి ఇచ్చాడు. పెద్దిరాజు ముట్టించుకుని, రెండు దమ్ములు లాగి, వచ్చి పెరట్లో చాప మీద కూర్చున్నాడు.

విస్తళ్లు వేసి అందరూ కలిసే కూర్చున్నారు. ముందు ఎవరు తింటారా అని ఎవరూ చూడలేదు. ఆకలి వేళ దాటిపోయింది. త్రినాథం వేపిన పరిగె అంచు తుంచి, కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకున్నాడు. కరకరలాడే తొక్క, దాని కింద వెన్నలాంటి కండ. మింగాడు. గొంతు దిగింది. ఇంకొంచెం తుంచాడు.

అంతలో పెద్దిరాజు నమలడం ఆపి మొహం వికారంగా పెట్టాడు.

"ఇది ఎవరు తోమేరు?"

"నేనే" అన్నాడు త్రినాథం, నూకరత్నం వంక చూడకుండా.

"చంపేశారు కదండీ! ఏట్లోంచి లాగి ఒడ్డునేస్తే నాకు చేదు పెడతారా?"

ఆ రోజు సంగతి ఆ ఇద్దరి మధ్యా అప్పటిదాకా అంత మోటుగా ఎవరూ అనలేదు. ముందు నూకరత్నానికి నవ్వొచ్చింది, పొలమారింది. కోటిలింగం గారు చేయి అడ్డం పెట్టుకున్నారు. త్రినాథం నవ్వు ఆపుకోలేక విస్తరి మీద చేయి ఉంచి ఊగిపోయాడు. ఆరు నెలల తర్వాత అలా నవ్వాడు.

"కాదు మాస్టారూ, ఒకటి అడుగుతాను" అన్నాడు పెద్దిరాజు, చేదు చేపని ఇంకో ముద్దతో మింగేస్తూ. "ఆ పటంలో నేను మీ చెయ్యి పట్టుకున్నట్టు వేశారు. చెయ్యి ఎక్కడ దొరికింది? ముందు కాలరు పట్టుకున్నాను, చిరిగిపోయింది. జుట్టు పట్టుకుందామంటే మీకుందా? చెవి పట్టుకు లాగేనండి."

"చెవా!" త్రినాథం ఎడమ చెవి పట్టుకున్నాడు. "అదా! ఆ వానాకాలమంతా ఈ చెవి పోటు. డాక్టరు నీళ్లు పోయాయన్నాడు. రెండు సీసాల చుక్కలమందు కొన్నాను పెద్దిరాజూ!"

పేరు పక్కన 'గారు' ఎక్కడ రాలిపోయిందో అతను గమనించలేదు. పెద్దిరాజు గమనించాడు. పులుసు కలుపుకున్న చేయి అలాగే ఉంచి, తల దించుకుని, ఇంకోసారి ఎవరైనా అలా పిలుస్తారేమోనని వింటున్నట్టు కొంచెంసేపు కూర్చున్నాడు.

చేయి కడుక్కున్నాక అతను దడి దాకా వెళ్లి వెనక్కొచ్చాడు. తల గోక్కుని అన్నాడు. "అడగొచ్చో లేదో తెలీదు మాస్టారూ. కొత్త నావ దింపుతున్నాను, ఈ పలక దాని చుక్కానికే. మూతికి కళ్లు రాయించాలి. రెండు కళ్లు, పెద్దవి. సుద్దతో నేను గీశాను గానీ గేదె కళ్లలా వచ్చాయి. మీకు కుదురుద్దా?"

"ఎప్పుడు రమ్మంటావు?"

"రేపు మీకు బడి కదా. మళ్లీ ఆదివారం రండి. ఊరికేనండోయ్!" అని గట్టిగా అరిచి, నూకరత్నాన్ని తీసుకుని వెళ్లిపోయాడు. వాళ్ల మాటలు రెల్లు పొదల దాకా వినిపిస్తూనే ఉన్నాయి. ఎవరి కళ్లు గేదె కళ్లన్నదాని మీద తగువు నడుస్తోంది.

కోటిలింగం గారు ఇంకా భోజనం ముగించలేదు. ఆయన పళ్లు తక్కువ, తీరుబడి ఎక్కువ. త్రినాథం ఎంగిలి చేత్తోనే ఆయన ఎదురుగా మళ్లీ చతికిలబడ్డాడు. మనసు ఎంతో తేలిగ్గా ఉంది. అయినా అలవాటు పోలేదు, ఒక గీత ఎక్కడో కలవనట్టే ఉంది.

"గురువుగారూ, నా ప్రశ్నకి జవాబు చెప్పలేదు. పొద్దున వచ్చినప్పుడు ఒక్క ప్రాణానికే రుణం. ఇప్పుడు ఆయన చేపలు తిన్నాను, ఆవిడ చేత చాకిరీ చేయించుకున్నాను, కడుపునిండా నవ్వాను. ఇది తగ్గిందా, పెరిగిందా? ఇక నేనేం చెయ్యాలి?"

కోటిలింగం గారు దాక వంచి చూశారు. అడుగున చిక్కటి పులుసులో ఒక పరిగె మిగిలి ఉంది. దాకని అతని వైపు జరిపారు.

"ఇంకొకటి ఉంది" అన్నారు. "వేసుకో."